చీర కింద కాన్వాస్ బూట్లు

ఢిల్లీ చూడ్డానికి వచ్చే మనవాళ్ళందరూ తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. ఊరెళ్తున్నామని కొత్త చెప్పులు కొనుక్కుంటారు. కొన్నవాటిని ఇంట్లో వేసుకుని నాలుగు రోజులు తిరుగుతారా అంటే, అబ్బే, అట్టపెట్టెలోంచి బయటికే తియ్యరు. బండెక్కే రోజున పట్టుచీర విప్పినంత భద్రంగా విప్పి తొడుక్కుంటారు. మర్నాడు కుతుబ్ మీనారు దగ్గర ఓ రాతి మీద చతికిలబడి "చెప్పు కరిచింది" అంటారు. ఆ మర్నాడు మా మంచం మీద కాళ్ళు చాపుకుని టీవీ చూస్తారు.

తొంభైల్లో మేము మయూర్ విహార్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. చలి కాస్త తగ్గిందంటే చాలు, మన ఊళ్ళ నుంచి ఎవరో ఒకరు దిగేవారు. నేను ఆసుపత్రిలో నర్సుని కదా, ఆ పొక్కులకి కట్లు కట్టే పని నాదే. డ్యూటీలోనూ అదే, ఇంటికొచ్చినా అదేనా అని ఒళ్ళు మండేది. పైకి అనేసేదాన్ని కూడా. నా నోరు మొదట్నుంచీ అంత మంచిది కాదు.

అత్తయ్య వస్తానన్నప్పుడు మాత్రం విసుగు రాలేదు, భయం వేసింది. ఆవిడకి షుగరు. వాళ్ళ అక్కగారికీ షుగరే. ఆ పెద్దావిడ ఒక పెళ్ళికి కొత్త చెప్పులు వేసుకెళ్ళి, చిటికెన వేలి పక్కన చిన్న పొక్కు తెచ్చుకుని, ఇదేం చేస్తుందిలే అని వదిలేస్తే, చివరికి ఆ వేలే తీసేయాల్సి వచ్చింది. ఆవిణ్ణి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది మా ఆయనే. అప్పట్నుంచి ఎవరి కాలి మీద ఎర్రగా కనిపించినా ఆయన మొహం పాలిపోతుంది.

అత్తయ్య గుంటూరు జిల్లాలో ఒక మిషను బడిలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా పిల్లలకి ఢిల్లీ సుల్తానుల పాఠం చెప్పారు. ఢిల్లీ మాత్రం చూడలేదు. కొడుక్కి ఇక్కడ ఉద్యోగం వచ్చాక కూడా ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది, ముఖ్యంగా మామయ్యగారి జబ్బు. ఆయన పోయిన తర్వాత రెండో ఏడు ఫిబ్రవరిలో బయల్దేరతానన్నారు. ఫోనులో కొడుక్కి ముందే చెప్పేశారు.

"ఒరేయ్, చూపిస్తే నడిపించి చూపించు. టాక్సీలో కూర్చోబెట్టి 'అదిగో ఎర్రకోట, ఇదిగో కుతుబ్' అంటే నేను రాను. ఆ మాత్రానికి నా టెక్స్ట్ బుక్కులో బొమ్మ చాలు."

"అమ్మా, షుగరు పెట్టుకుని నడవడాలేంటి?"

"షుగరు నాకు. నీకెందుకురా నీరసం?"

తల్లీకొడుకుల మధ్య ఫోను వేడెక్కిపోతుంటే నేను లాక్కున్నాను. కాళ్ళ పూచీ నాదన్నాను. మా ఆయన ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. ఒక్క పొక్కు కనిపించిందా, ఆ రోజుతో తిరుగుళ్ళు ఆఖరు, తిరుగు టికెట్టు దాకా ఇంట్లోనే. అత్తయ్య సరేనన్నారు. ఆవిడకి అంతకంటే దారి లేదు, నాకూ లేదు.

నేను ఫోన్లోనే జాగ్రత్తలన్నీ చెప్పాను. కాన్వాస్ బూట్లు కొనుక్కోండి, సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, బిగుతుగా ఉన్నవి తీసుకోకుండా ఉంటారు. కొన్న రోజు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి, మెత్తబడాలి అన్నాను. "అలాగేనమ్మా, అలాగే" అన్నారు. బండి దిగిన రోజు సంచీలోంచి అట్టపెట్టె తీసి గర్వంగా చూపించారు. తెల్లటి బూట్లు, అడుగున మట్టి మరక కూడా లేదు. లోపల కుక్కిన కాగితం కూడా అలాగే ఉంది.

"ఇవి అరగదీయమన్నాను కదండీ అత్తయ్యా!"

"కొత్త బూట్లు వంటింట్లో ఎవరు తొడుక్కుంటారమ్మాయ్? ఊరికొచ్చినప్పుడు వేసుకుందామనే దాచాను."

అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, నేను చెప్పిన ఒక్క ముక్క విననందుకు. నా డ్యూటీ బూట్లు తెచ్చి ముందు పడేశాను. ఆసుపత్రి వరండాల్లో ఏళ్ళ తరబడి తిరిగి గుడ్డలా మెత్తబడిన బూట్లవి. ఆవిడ పాదం నాకంటే కాస్త చిన్నది. పల్చటి నూలు సాక్సులు ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే సరిపోయాయి. రెండెందుకంటే, ఒరుసుకునేదేదో ఆ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, చర్మం జోలికి రావు. లోపలిదాన్ని తిరగేసి తొడిగాను, కుట్టు వేళ్ళకి ఒత్తుకోకుండా.

"చీర మీద బూట్లా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వేవాళ్ళకి మీరెవరో తెలుసా? మీకు వాళ్ళెవరో తెలుసా? నడవండి."

అలా మొదలైంది. పొద్దున్నే బయల్దేరే ముందు పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, పౌడరు అద్ది, మడమ వెనక ముందే ప్లాస్టరు అంటించేదాన్ని. పొక్కు లేచాక అంటించడం అందరూ చేస్తారు, లేవక ముందే అంటించాలి. లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టేదాన్ని, మడమ లోపల జారకుండా. మధ్యాహ్నం ఏ చెట్టు నీడనో కూర్చోబెట్టి, సాక్సులు మార్చి, కాళ్ళకి గాలి తగలనిచ్చేదాన్ని. ఇల్లు చేరాక పాదాలు రెండూ నా ఒళ్ళో పెట్టుకుని దీపం కింద తిప్పి తిప్పి చూసేదాన్ని. మొదటి రోజు ఆవిడ సిగ్గుతో ముడుచుకుపోయారు. కోడలి ఒళ్ళో కాళ్ళు పెట్టడమేంటని. నేను రోజూ ఎంతమంది పాదాలు చూస్తానో చెబితే, "వాళ్ళు పేషెంట్లమ్మా" అన్నారు. రెండో రోజుకి ఆవిడే కాళ్ళు చాపి, "ఇన్‌స్పెక్షన్ కానివ్వు" అన్నారు.

కుతుబ్ మీనారు అయింది. హుమాయూన్ సమాధి అయింది. పాత కోట అయింది. ఒక ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి "మాతాజీ, జూతే బఢియా హై" అంటే, బూట్లు భలే ఉన్నాయన్నాడని ఆవిడకి అర్థమై, నా వైపు తిరిగి కళ్ళెగరేశారు. నాకైతే ఆ రోజులు ఎంత బాగుండేవో. ఆదివారం చర్చికి కూడా ఆవిడ ఆ బూట్లే వేసుకొచ్చారు. ఇక ఫర్వాలేదనుకున్నాను.

ఎర్రకోట వెళ్ళొచ్చిన సాయంత్రం కాళ్ళు చాపమంటే, "ఇవాళ వద్దులే అమ్మాయ్, అలసిపోయి ఉంటావు" అన్నారు. నా అలసట మీద ఆవిడకి అంత జాలి ఎప్పుడూ లేదు. అనుమానం వచ్చి పాదం లాగి చూశాను. కుడి మడమ మీద ఎర్రగా, గుండ్రంగా కందిపోయి ఉంది. చర్మం లేవలేదు గానీ వేలు పెడితే వేడిగా తగిలింది.

"ఏం చేశారు?"

ఆవిడ చెప్పారు. చేతిసంచీలో కొత్త బూట్లు పెట్టుకొచ్చారట. మా ఆయన కెమెరా తీయగానే, బాత్రూముకని వెళ్ళి అవి తొడుక్కున్నారట. ఫోటో అయిపోగానే మళ్ళీ మార్చుకుందామనుకుంటే ఆ జనంలో కూర్చునే చోటు దొరకలేదు. చాందినీ చౌక్ అంతా వాటితోనే తిరిగారు. ఆ తోపులాటలో ఆవిడ చెయ్యి వదలకుండా పట్టుకోవడమే సరిపోయి, నేను కాళ్ళ వైపు చూడలేదు.

"ఫోటో కోసమా? కాలు పోగొట్టుకుంటారా ఫోటో కోసం?" నా అరుపు పక్క ఫ్లాటు దాకా వినిపించి ఉంటుంది.

"అది కాదమ్మాయ్. ఎర్రకోట ముందు ఆ పాత బూట్లతో నిలబడ్డ ఫోటో ఊళ్ళో చూపిస్తే ఏమంటారు? కోడలు తను అరగ్గొట్టిన బూట్లు అత్తకి తొడిగిందంటారు. మాట నీకు కదా వచ్చేది."

తిట్టడం మానేసి, ఆ కాలి కింద తలగడ పెట్టాను. అంతలో మా ఆయన వచ్చి మడమ చూశాడు. ఒక్క మాటే అన్నాడు. "అయిపోయిందమ్మా. ఇంక ఇంట్లోనే."

అప్పటికి చూడాల్సింది ఒక్కటే మిగిలింది, తుగ్లకాబాద్ కోట. ఆవిడ అడిగి అడిగి చివరి రోజుకి పెట్టించుకున్నది అదే. మిగతావన్నీ అందరూ చూసేవే, అది నా పాఠం అనేవారు. అక్కడ చూస్తే అంతా రాళ్ళూ రప్పలూ, ముళ్ళకంపా, ఎక్కుడూ దిగుడూ. మంచి కాళ్ళతోనే కష్టం. ఆ సాయంత్రం ఆవిడ కొడుకుతో వాదించలేదు. ఆ సంచీ, ఆ కొత్త బూట్లూ తీసుకెళ్ళి మంచం కింద పెట్టేసి, గోడవైపు తిరిగి కూర్చున్నారు. వాదించి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

వాదన నేనే పెట్టుకున్నాను. "షరతు పొక్కు గురించి. ఇది పొక్కు కాదు, కందింది అంతే. మధ్యలో రెండు రోజులున్నాయి. నీళ్ళు చేరి బొబ్బ లేచిందా, నేనే వెళ్ళొద్దంటాను. తగ్గిందా, వెళ్తాం."

"తగ్గిందో లేదో ఎవరు చెబుతారు? అమ్మ నొప్పి లేదనే అంటుంది."

"ఆవిణ్ణి ఎవరడుగుతారండీ? పాదాన్ని అడుగుతాను."

అది మాట వరసకి అన్నది కాదు. షుగరున్నవాళ్ళకి పాదంలో స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదంటే అబద్ధం కాకపోవచ్చు, నిజమూ కాకపోవచ్చు. వేలితో తడిమి చూడాలి, వేడి చూడాలి, రంగు చూడాలి. ఆ రెండు రోజులూ ఆవిడ బాల్కనీలో ఎండకి కూర్చుని, మడమకి ఏదీ తగలకుండా కాలు బల్ల మీద పెట్టుకుని, బఠాణీలు ఒలిచారు. మా ఇద్దరికీ, పక్కింటి ఆంటీకీ సరిపడా ఒలిచారు. నేను వంగి మడమ చూసినప్పుడల్లా చేతిలో కాయ అలాగే ఆగిపోయేది. ఎలా ఉందని మాత్రం అడిగేవారు కాదు.

చివరి రోజు పొద్దున్న కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. ఎరుపు పోయి, మడమంతా ఒకే రంగులో ఉంది. చల్లగా ఉంది. వేలితో నొక్కాను, గోరుతో మెల్లగా గీశాను, చర్మం కింద ఎక్కడా మెత్తగా తగల్లేదు. నాకే నమ్మకం కుదరక రెండో మడమ పక్కన పెట్టి పోల్చి చూశాను. తలెత్తితే ఆవిడ రిజల్ట్స్ రోజున పిల్లల్లా నన్నే చూస్తున్నారు.

"వెళ్దాం" అన్నాను. "కానీ నేను కూర్చోమన్న చోటల్లా కూర్చోవాలి."

"నిలబడమంటే నిలబడతాను, తల్లీ."

కోటలో ఆ రోజు మనుషులు పెద్దగా లేరు. గోడలు విరిగి, రాళ్ళు దొర్లి, తుమ్మ పొదలు అల్లుకుని ఉన్నాయి. ఆవిడ నా పాత బూట్లలో, ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి కొడుకు చేతిలో వేసి మెల్లగా ఎక్కారు. కొంచెం దూరం వెళ్ళగానే కూర్చోబెట్టి, బూటు విప్పించి, మడమ చూసి, మళ్ళీ కట్టేదాన్ని. "ఇలాగైతే సుల్తాను కట్టడానికి పట్టినంత కాలం మనకి చూడ్డానికి పడుతుంది" అని ఆవిడ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ప్రతిసారీ నా కంటే ముందు ఆయనే వంగి చూసేవాడు.

గోడ మీదికి చేరేసరికి ఎండ బాగా వచ్చింది. కింద లోయలా పల్లం, చుట్టూ ఎంత దూరం చూసినా గోడే. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి రెండు బూట్లూ విప్పి, సాక్సులు తీసి, పాదాలు అటూ ఇటూ తిప్పి, వేళ్ళ సందులు కూడా చూశాడు. "ఏమీ లేదు" అన్నాడు. పాదాలు వదలకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అత్తయ్య ఆయన తల నిమిరారు. తర్వాత నాతో అన్నారు.

"పుస్తకంలో ఇది మూడంటే మూడు లైన్లమ్మాయ్. చదివేసి తర్వాతి దానికి వెళ్ళిపోయేదాన్ని. కానీ ఏడాదికి ఒకడైనా చెయ్యెత్తేవాడు. 'టీచర్, మీరు చూశారా?' అని. ఏం చెప్పను? నోరు మూసుకుని పాఠం వినరా అనేదాన్ని. ఇంటికెళ్ళాక వాడి మొహం గుర్తొచ్చి బాధేసేది. ప్రశ్న మంచిదే కదా. చూడని దాని గురించి అంత గట్టిగా చెబుతున్నానేంటా అని నాకే సిగ్గేసేది."

నేను సాక్సులు తొడిగి, లేసులు కట్టాను. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచారు. కొంగు నడుముకి దోపుకుని, గోడ అంచుకి కాస్త ఇవతల నిలబడి, వెనక బెంచీలో వాడికి కూడా వినిపించే ఆ బళ్ళో గొంతుతో, ఎదురుగా ఉన్న ఖాళీ కోటకేసి గట్టిగా అరిచారు.

"చూశానర్రా! నడిచి చూశాను!"