పెద్దమ్మ మాత్ర, పెద్దమ్మ ఉపవాసం

ఉయ్యూరులో చెరుకు ఆడే నెలల్లో పెరట్లో ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలోంచి లేచిన చెరుకుపిప్పి నుసి గాలి ఎటు వీస్తే అటు రాలేది. బెల్లం మాడినట్టుండే ఒక పుల్లటి వాసన వీధుల్లో వేసవి దాకా నిలిచి ఉండేది. ఆ ఊళ్ళో కాపురముంటున్న మా పెద్దమ్మకు పంతొమ్మిది వందల డెబ్భైల మధ్యలో చక్కెర జబ్బు వచ్చింది.

"ఫ్యాక్టరీ పక్కన ఇల్లు కట్టుకుంటే ఇంకేం జబ్బు వస్తుందండీ!" అని మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు నవ్వేవారు. పెద్దమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

పెద్దమ్మ మా సంఘానికి బైబిలు స్త్రీ. చేతిసంచీలో పరిశుద్ధ గ్రంథం, పాటల పుస్తకం పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించడం ఆమె పని. పెదనాన్న లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. నేను బెజవాడలో హాస్టల్లో ఉండి బీయెస్సీ చదువుతూ, సెలవు దొరికినప్పుడల్లా బందరు రోడ్డు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

బెజవాడ వన్ టౌన్‌లో ఒక పెద్ద డాక్టరుగారు ఆమెకు క్లోర్‌ప్రొపమైడ్ అనే మాత్ర రాసిచ్చారు. రోజూ ఉదయం ఒకటి. "ఏదైనా మానండి గానీ ఇది మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదమ్మా" అని గట్టిగా చెప్పారు. ఆ మాట ఆమె ఆజ్ఞలాగే తీసుకుంది. ఉపవాసాలుంటారా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. దాచాలని కాదు. ఉపవాసం ఉన్నవాళ్ళు తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కుని, ఎవరికీ తెలియకుండా ఉండాలన్నది మాకు చిన్నప్పుడే నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. పరాయివాళ్ళ ముందు ఉపవాసం మాటెత్తితే దాని ఫలం పోయినట్టే అనుకునేవాళ్ళం.

ఆ జబ్బుకు అప్పట్లో ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటే. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద కాచాలి. ఆ నీలం రంగు రాగిది. చక్కెర ఉంటే అది రాగితో కలబడి రంగు మారుస్తుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకొంచెం ఉంటే పసుపు, బాగా ఉంటే ఇటుక రంగు. లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. పెదనాన్న ప్రతి ఉదయం ఈ పరీక్ష లెక్క చేసినంత శ్రద్ధగా చేసేవారు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి రంగు చెప్పేవారు.

ఆ ఏడు శ్రమల దినాలు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాలు, మొదలయ్యాయి. మాది పాత మిషను సంఘమే అయినా, ఆ కాలంలో ఉజ్జీవ కూడికలు ఊరూరా జరిగి, ఆత్మ నిండినవాళ్ళు ఎవరికీ తెలియని భాషలో మాట్లాడే అన్యభాషల వరం గురించిన మాట ఎక్కువైంది. మా సంఘంలో కొందరికి ఆ వరం వచ్చింది. పెద్దమ్మకు వరసకు వదినయ్యే ఒకావిడకు అందరికంటే ముందు వచ్చింది. ఆవిడ ఊరికే ఉండే మనిషి కాదు. "బైబిలు స్త్రీకి రాకపోవడమేంటో, ఆయన చిత్తం" అని కూడిక అయిపోయాక చెప్పులేసుకుంటూ అనేది. పెద్దమ్మ ఇంటికొచ్చి మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉండేది. ఆమె జీవితంలో అడిగి దొరకనిది అదొక్కటే అనుకుంటాను.

అందుకని ఆ ఏడు ఉపవాసం గట్టిగా పట్టింది. ఉదయం మాత్ర, మంచినీళ్ళు. సాయంత్రం కూడిక అయ్యాక అన్నం. పెదనాన్న ఎత్తిపట్టిన గొట్టం రోజూ నీలంగానే ఉంది.

"నీలం! స్తోత్రం!" అనేవారు ఆయన.

"స్తోత్రం" అనేది ఆమె లోపల్నుంచి.

ఉపవాసానికి జవాబు వస్తున్నదని ఇద్దరూ నమ్మారు. సంఘంలో సాక్ష్యం కూడా చెప్పారు. జబ్బు బయటపడ్డప్పుడు ఇటుక రంగులో ఉన్నది నీలమైందని విని జనం చప్పట్లు కొట్టారు.

మాత్ర లోపల ఏం చేస్తుందో నేను చాలా ఏళ్ళ తర్వాత, ఫార్మసీ విద్యార్థులకు పాఠం చెప్పే రోజుల్లో తెలుసుకున్నాను. ఆ డెబ్భైల్లో పెద్ద పరిశోధకులకు కూడా అంత వివరంగా తెలియదు. క్లోమంలో, రక్తంలో చక్కెరను తగ్గించే ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలు ఉంటాయి. ఆ కణం పొరలో పొటాషియం బయటికి పోయే సన్నని దారులుంటాయి. మనిషి భోంచేశాక రక్తంలోని చక్కెర కణంలోకి వచ్చి ఖర్చవుతుంది. అందులోంచి పుట్టిన శక్తి అణువు ఆ దారి తలుపు మూస్తుంది. తలుపు మూసుకుంటే పొరకు లోపలా బయటా ఉన్న విద్యుత్తు తేడా మారుతుంది. అప్పుడు ఇంకో దారిన కాల్షియం లోపలికొస్తుంది. దాని తాకిడికి, దాచి ఉంచిన ఇన్సులిన్ బయటికి పోతుంది. అంటే మనిషి తిన్నదీ లేనిదీ కణానికి ఆ తలుపు మూతపడటం వల్లే తెలుస్తుంది. క్లోర్‌ప్రొపమైడ్ అణువు నేరుగా వెళ్ళి ఆ తలుపు పక్కన కూర్చుని దాన్ని మూసేస్తుంది. చక్కెర వచ్చిందా లేదా అని చూడదు. ఆమె కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు, కణానికి మాత్రం ఆమె భోంచేసిందన్న కబురు అందుతూనే ఉంది. పైగా ఈ మాత్ర తొందరగా పోయే రకం కాదు. మూత్రపిండాలు దాన్ని నెమ్మదిగా బయటికి పంపుతాయి. నిన్నటిది పూర్తిగా పోకముందే నేటిది వచ్చి చేరుతుంది.

ఆ నలభై రోజుల్లో ఆఖరిదైన శ్రమల వారం సోమవారం నుంచి పెద్దమ్మ సాయంత్రం అన్నం కూడా మానేసింది. రాత్రి పలుచటి మజ్జిగ ఒక్కటే. మాత్ర మానలేదు. నేను బుధవారం వెళ్ళాను.

గురువారం సాయంత్రం, యేసు ఆఖరి భోజనం గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఆరాధన. పెద్దమ్మ పక్కన నేను కూర్చున్నాను. పాట మధ్యలో ఆమె భుజం వణకడం మొదలైంది. మెడ మీద చెమట ధారకట్టింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు. తర్వాత మాట్లాడింది. మాటల్లాగే ఉన్నాయి, ఎత్తుపల్లాలున్నాయి, ఒక్కటీ తెలుగు కాదు. ముందు వరసలో వదినగారు వెనక్కి తిరిగి చూసి రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం! వచ్చింది! ఇన్నాళ్ళకు వచ్చింది!" ఆవిడ గొంతులో అసూయ లేదు. సంఘమంతా లేచి నిలబడింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కళ్ళు మూసుకుని నిలబడిపోయారు.

మా సంఘంలో ఒక ఆచారముంది. బల్ల మీద ఆశీర్వదించిన ద్రాక్షరసం మిగిలితే పారబోయరు, మర్నాటికి దాచరు. పెద్దవాళ్ళలో ఒకరు అక్కడే తాగి పాత్ర ఖాళీ చెయ్యాలి. అది ఎండుద్రాక్షలు ఉడికించి, చక్కెర బాగా పోసి అయ్యగారి భార్య ఇంట్లో కాచిన రసం. ఆ రోజు అయ్యగారు ఆ పాత్ర పెద్దమ్మ చేతికిచ్చారు. ఇద్దరు పట్టుకుంటే తాగింది. ఆ రసం ఒక గ్లాసుకు పైనే ఉంటుంది. ఆఖరి పాట అయ్యేసరికి వణుకు ఆగింది. చెమట ఆరింది. పిల్లలా చుట్టూ చూసి నవ్వింది.

"ఆత్మ వచ్చింది, తర్వాత శాంతి సమాధానం వచ్చింది. రెండూ చూశామండీ" అన్నారు అయ్యగారు గుమ్మం దగ్గర.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ నన్ను అడిగింది. "ఏమేవ్, నువ్వు పక్కనే ఉన్నావుగా. ఎట్టా మాట్టాడాను?"

"చాలా వేగంగా మాట్లాడావు పెద్దమ్మా. ఏమీ అర్థం కాలేదు."

"అర్థమైతే వరమెట్టా అవుద్దే పిచ్చిదానా" అంది. ఆమె మొహం అంత తేటగా నేను మళ్ళీ చూడలేదు.

శుక్రవారం ఉదయం మాత్ర వేసుకుంది. గొట్టం నీలంగా ఉంది. మధ్యాహ్నం మూడు గంటల దాకా సాగే ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మూడోదాని మీద ప్రసంగం జరుగుతుండగా మళ్ళీ భుజం వణికింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆమెకు చోటిచ్చి జరిగారు. తాకితే ఆత్మకు అడ్డుపడినట్టవుతుందని ఎవరూ ముట్టుకోలేదు. పాట అందుకున్నారు. పెద్దమ్మ మాటలు ముద్దముద్దగా మారాయి, తర్వాత గొణుగుడు, తర్వాత అదీ లేదు. తల పక్కకు వాలి నా ఒళ్ళో పడింది. జాకెట్టు తడిసి ముద్దయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మంచి శుక్రవారం రోజున ప్రభువు బల్ల ఉండదు. ఆ రోజు ద్రాక్షరసం లేదు.

పెదనాన్న మగవాళ్ళ వైపు నుంచి పరుగెత్తుకొచ్చారు. రిక్షాలో వేసుకుని మెయిన్ రోడ్డు మీదున్న డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. అయ్యగారు కూడా వెంట వచ్చారు. ఆయన కుర్రాడు, కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాడు. కనురెప్ప ఎత్తి చూశాడు, నాడి చూశాడు.

"షుగర్ ఉందా? ఏ మాత్ర వేస్తున్నారు? సరే. ఆఖరుసారి ఎప్పుడు తిన్నారు మాస్టారూ?"

పెదనాన్న అయ్యగారి వైపు చూశారు. నలభై రోజులుగా సంఘం బయట ఎవరికీ చెప్పకూడదని పట్టుకున్న మాట. అది చెబితే ఆమె ఫలం పోతుంది, చెప్పకపోతే మనిషి పోతుంది.

"మాస్టారూ, మిమ్మల్నేనండీ. పొద్దున టిఫిన్ చేశారా లేదా?"

"లేదండీ" అన్నారు అయ్యగారు. "ఉపవాసంలో ఉన్నారు. సోమవారం నుంచి అన్నం లేదు. నిన్న బల్ల దగ్గర తీసుకున్నదే."

"బల్లేంటండీ?"

"ద్రాక్షరసం."

"చక్కెర వేసిందేనా?"

"వేసిందే."

"అదే నిన్న కాపాడింది" అని డాక్టరు చేతిలో రక్తనాళం వెతుక్కున్నాడు. గ్లూకోజు నింపిన లావుపాటి సిరంజి. అది సగం దిగేసరికి పెద్దమ్మ కళ్ళు తెరిచింది. మూర్ఛపోయిన మనిషి మెల్లగా తేరుకోవడం కాదది. దీపం వెలిగించినట్టుంది. మెదడు చక్కెరను దాచుకోలేదని, రక్తం తెచ్చిందాంతోనే క్షణక్షణం బతుకుతుందని పుస్తకాల్లో ఎప్పుడు చదివినా నాకు ఆ కళ్ళు గుర్తొస్తాయి.

"మూడయిందా? ఆరాధన అయిపోయిందా?" అంది.

పెదనాన్న ఇంటికి తీసుకుపోదామన్నారు. డాక్టరు ఒప్పుకోలేదు. "ఇప్పుడు లేచిందని పంపిస్తే సాయంత్రానికి మళ్ళీ పడిపోద్దండీ. మాత్ర ఇంకా లోపలే ఉంది. అది పోయేదాకా నేను చక్కెర పోస్తూనే ఉండాలి." ఆదివారం తెల్లవారుజామున ఈస్టరు పునరుత్థాన ఆరాధనకు సంఘం పాడుకుంటూ ఊరేగింపుగా ఆ వీధిన వెళ్ళినప్పుడు, ఆమె సెలైన్ సీసా కింద పడుకునే విన్నది.

శనివారం డాక్టరు ఆమెకు విడమరచి చెప్పాడు. చక్కెర పడిపోతే ముందు వణుకు, చెమట. ఇంకా పడిపోతే మెదడుకు ఆకలి, మాట తప్పిపోవడం. నీలం రంగుకు అర్థం చక్కెర పొంగి మూత్రంలోకి రాలేదని మాత్రమే. సరిపడా ఉన్నా నీలమే, అడుగంటినా నీలమే.

పెద్దమ్మ అంతా విని అయ్యగారిని పిలిపించింది. "అయ్యగారూ, గురువారం నేను మాట్టాడింది ఏ భాషండీ?"

ఆయన కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నారు. "నాకు తెలియదమ్మా. అర్థం చెప్పగలవాళ్ళు ఆ రోజు అక్కడ లేరు."

"ఉన్నారు. డాక్టరుగారు చెప్పారుగా."

"ఆయన నిన్ను బతికించాడమ్మా. ఆయన మాట నేనెట్టా కాదంటాను?"

ఆమె గోడ వైపు తిరిగింది. "అయితే మాత్ర మానేస్తాను, ఉపవాసం ఉంచుకుంటాను" అంది.

"మానితే మళ్ళీ ఇటుక రంగే" అన్నారు పెదనాన్న. "కాళ్ళ మీద పుళ్ళు, కంటికి చూపు తగ్గడం. ఆ తర్వాత వాక్యం ఎట్టా చదువుతావు?"

  మాత్రనూ ఉపవాసాన్నీ రెండిటినీ ఆమె విధేయతగానే పట్టుకుంది. ఏది వదలాలో ఆమే తేల్చుకోవాలి.

నా సంగతి అడిగేవాళ్ళున్నారు, ఇంత చదివి ఇంకా మోకాళ్ళు వేస్తావా అని. వేస్తాను. ఆ కణం తలుపును చేసినవాడెవరో నేను పాఠంలో చెప్పలేదు, ప్రార్థనలో చెబుతాను. గురువారం ఆమె వణికింది మాత్ర వల్లేనని నాకు అనుమానం లేదు. ఆ పాత్ర ఆ రోజు ఆమె చేతికే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు.

మరుసటి ఏడు శ్రమల దినాల్లో నేను అక్కడే ఉన్నాను. ఉదయం పెద్దమ్మ మాత్ర వేసుకుంది, పెదనాన్న గొట్టం ఎత్తి చూశారు. "నీలం. ఇడ్లీ తిను" అన్నారు. స్తోత్రం అనడం ఆయన మానేశారు. మధ్యాహ్నం ఆడవాళ్ళ ఉపవాస కూడిక. పెద్దమ్మ సంచీలోంచి గ్రంథం తీసింది, తర్వాత స్టీలు డబ్బా తీసింది. అందరి ముందూ మూత తెరిచి పెరుగన్నం కలుపుకుంది.

"వదినా, ఇక్కడేనా?" అంది వదినగారు.

"ఇక్కడే. చాటుగా తింటే ఉపవాసమున్నట్టు నటించినట్టవుద్ది."

"వరం వచ్చిన మనిషివి."

"అది వరమో కాదో పైన అడుగుతాలే" అంది పెద్దమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని. "చచ్చిపోయిన పిల్లని లేపాక ప్రభువు ఏం చెప్పాడు వదినా? పిల్లకి అన్నం పెట్టమన్నాడు. పాట పాడించమన్లేదుగా."

వదినగారు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళు ఆకలి కడుపులతో పెరుగన్నం వాసన పీలుస్తూ కూర్చున్నారు. ఆమె నెమ్మదిగా, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నది. అందరి చూపులూ తన మీద ఉండగా తినడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. డబ్బా కడుక్కొచ్చి, చెయ్యి తుడుచుకుని, ప్రార్థన మొదలుపెట్టింది. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. అందులో మెయిన్ రోడ్డు డాక్టరుగారి పేరు కూడా ఉంది. అంతా తెలుగులోనే, మా ఇంట్లో రోజూ వినే గొంతుతోనే.