రెండు పచ్చల పటం

నా తలరాత సంగతి తెలియదు గానీ, నా గీత మాత్రం చిన్నప్పటి నుంచీ తిన్నగానే ఉండేది. రాయగడలో మా నాన్నది చింతపండు హోల్‌సేల్ దుకాణం. బస్తాల మీద ఊళ్ల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ రాసేదాన్ని నేనే. ఆ అక్షరాలు చూసే తొంభైల చివర్లో కొల్నార వైపు ఉన్న అటవీ ఆఫీసు వాళ్లు పటాలకు శుద్ధప్రతులు గీసే పనికి నన్ను పెట్టుకున్నారు. రోజుకూలీ. అక్కడ నాకు పర్మనెంటు అయింది వేలి మీది ఇంకు మరక ఒక్కటే.

"అడవాఫీసులో నీకేటి పనమ్మీ?" అన్నారు నాన్న.

"అడివి గీయడానికి నాన్నా."

"గీసుకో. గీరుకోకుండా సూసుకో."

అప్పటికి కొన్నేళ్ల క్రితమే కోరాపుట్‌ను విడగొట్టి రాయగడను వేరే జిల్లా చేశారు. దానితో ఒకే కొండవరస రెండు ఆఫీసుల పాలైంది. కోరాపుట్ జిల్లాలోని దసమంతపూర్ వైపు నుంచి వచ్చే కొండ ఆ జిల్లా వాళ్ల పటంలో ఒకచోట ఆగిపోయేది. మా పటంలో ఇంకోచోట మొదలయ్యేది. జంతువులకు జిల్లాలు తెలియవు కనుక రెండు వైపుల అడవికీ కలిపి ఒకే ప్రణాళిక రాయాలని, అదీ ఊళ్లవాళ్లను కూర్చోబెట్టుకుని రాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి ఒక పెద్ద షీటు మీద కలిపి గీయడం నా పని. కలిపితే మధ్యలో ఒక పట్టీ మిగిలింది. రెండు కొండల నడుమ తుప్పలు, ఇప్పచెట్లు ఉన్న నేల. ఆఫీసు కాగితాల్లో దాని ఎదుట 'పతిత' అని ఉంది. అలాంటి నేలకు పటంలో పసుపు రంగు వేస్తారు. పసుపు రంగు ఉన్నచోట నీలగిరి తోటలు వేస్తారు.

మొదటి సమావేశం కొండ కింది ఊళ్లో, బడి వరండాలో జరిగింది. ఇటువైపు ఊళ్లవాళ్లూ, కొండ అవతలి ఊళ్లవాళ్లూ వచ్చారు. రేంజర్ గారు ఒడియాలో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాలి. ఆ ఊళ్లవాళ్ల సొంత భాష వేరు. తెలుగు మాత్రం మా సంతలో బేరాలాడి నేర్చుకున్నారు కనుక నాకంటే గట్టిగా మాట్లాడతారు.

"ఈ పట్టీ పతిత" అని చదివేశాను. ఒడియాలో ఆ మాటకు బీడు అని అర్థం. తెలుగులో ఏమి అర్థమో నోరు జారాక గుర్తొచ్చింది.

ముందు వరసలో మా దుకాణానికి చింతపండు తెచ్చే మామ్మ కూర్చుని ఉంది. "పతితంటే ఏటమ్మి?" అంది.

"అంటే... పాడయిపోయిందని, మామ్మా."

"ఎవులు పాడు సేసేరు?"

వరండా అంతా గొల్లుమంది. రేంజర్ గారు నా వైపు చూశారు. నేను పెన్సిలు వైపు చూశాను.

"ఎవులూ సెయ్యలేదు మామ్మా. పనికిరాదని రాసేరంతే."

"ఎవులికి పనికిరాదు? గుడ్డెలుగునడిగేరా?"

ఎలుగుల తరఫున ఆమె అలా ఎలుగెత్తింది. "ఇప్పపూలు రాలే నెల్లో గుడ్డెలుగులు ఈ కొండ దిగి, ఆ తుప్పల్లోంచి ఆ కొండెక్కుతాయి. ఆ నెల మేం పొద్దెక్కేదాకా అటెల్లం. పొద్దుగూకకముందే వచ్చేత్తాం. పగలు మాది, రేత్రి వాటిది. ఆ దరోళ్లదీ అదే మాట. అడుగు."

అవతలి ఊళ్లవాళ్లు తలలూపారు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండా, ఏ జిల్లాలో ఉన్నామో చూసుకోకుండా, రెండు వైపుల ఊళ్లూ ఎలుగులతో కుదుర్చుకున్న ఒప్పందం అది. అందరూ కలిసి ప్రణాళిక ఎలా వేసుకోవాలో నేర్పడానికి మేము తెచ్చిన ఫారాలు నా సంచిలోనే ఉండిపోయాయి. తీయడానికి సిగ్గేసింది.

రేంజర్ గారు చెడ్డమనిషేమీ కాదు. నీలగిరి మొక్కలు నర్సరీలో ఎదిగి కూర్చున్నాయి, వానలకు ముందు గుంతలు తవ్వాలి, ఆయనకు చోటు చూపించాలి. పార్వతీపురం రైళ్లలో నేర్చుకున్న తెలుగులో నాతో అన్నారు: "వాళ్లు బోలెడు మాటలు చెప్తారు. నువ్వు ఆ పట్టీకి పచ్చ వెయ్యి."

ఇక్కడ మన భాషకు ఒక దండం పెట్టాలి. పసుపు నీళ్లలో ముంచిన బట్టా పచ్చే, లేత చింతాకూ పచ్చే. నేను పచ్చ వేశాను. ఆకుపచ్చ.

ధైర్యం అనుకునేరు. కాదు. ఎవరైనా అడిగితే తప్పించుకోవడానికి ఒక శ్లేషను చెంగున ముడేసుకున్న పిరికితనం.

రెండో సమావేశం, పటానికి ఒప్పుకున్నట్టు ఊళ్లవాళ్ల వేలిముద్రలు తీసుకోవడానికి. అదే వరండాలో షీటు పరిచాను. రేంజర్ గారు పట్టీ వైపు వంగి చూశారు. "ఇదేమిటి? పచ్చ వెయ్యమన్నాను కదా!"

"పచ్చే కదండీ."

"ఈ పచ్చ కాదు! హళదియా! హళదియా పచ్చ!" అని బడి గోడకున్న పసుపు రంగు మీద అరచేత్తో కొట్టారు. సున్నం ఆయన చేతికే అంటుకుంది. జనం నవ్వారు. ఆయనా కాస్త నవ్వి, చెయ్యి దులుపుకుని మెల్లగా అన్నారు: "భాష తేడా వచ్చింది. అలాగే రాసిచ్చెయ్యి. రేపు ఇంకో షీటు గీద్దువుగాని. నీ పనికి ఏమీ కాదు."

తలుపు తెరిచే ఉంది. ముడి విప్పి శ్లేష బయటికి తీస్తే చాలు. కానీ మామ్మ పటాన్ని చూడటం లేదు, నన్ను చూస్తోంది.

"తేడా రాలేదు సార్. మీరు పసుపు వెయ్యమన్నారని తెలుసు. తెలిసే ఇది వేశాను. అది అడివే. ఇంకో షీటు నేను గీయను."

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, వెనక వరసలోంచి "ఏటంది? ఏటంది?" అన్నారు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి కాస్త బాగా చెప్పాను.

మామ్మ లేచి బొటనవేలు ఇంకు ప్యాడ్‌కు అద్దుకుని, తిన్నగా ఆ ఆకుపచ్చ పట్టీ మీద నొక్కింది.

"అక్కడ కాదు! కింద, గడిలో!" అన్నారు రేంజర్ గారు.

"కిందేటుంది బాబూ? మా తోవ ఇక్కడుంది."

ఆ తరవాత ఎవరూ గడి వైపు వెళ్లలేదు. ఇటువాళ్లు ఇటునుంచీ, అటువాళ్లు అటునుంచీ వేస్తూ వచ్చి మధ్యలో కలిశారు. ఈ కొండ నుంచి ఆ కొండదాకా ఏదో జంతువు నడిచి వెళ్లినట్టు నల్లటి అడుగులు పడ్డాయి.

"పాడైపోయిన షీటు నేను పంపను" అన్నారు రేంజర్ గారు.

"నువ్వు పంపకపోతే మేమే అట్టుకెల్తాం" అంది మామ్మ.

నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. రోజుకూలీ కనుక పోయిన ఉద్యోగమూ ఒక్కరోజుదే. మర్నాడు పొద్దున్నే పటం పట్టుకుని మామ్మా, రెండు వైపుల ఊళ్లవాళ్లూ, నేనూ కలిసి ఆరుగురం కోరాపుట్ బస్సెక్కాం. నాన్న ఆపుతారనుకున్నాను. దుకాణంలోంచి కొత్త గోనెసంచి తెచ్చి, "నలగనీకమ్మీ" అని పటానికి తానే చుట్టారు.

రెండు జిల్లాల అడవులనూ చూసే కోరాపుట్ పెద్ద ఆఫీసులో గుమాస్తా షీటు ముట్టుకోలేదు. "ఫార్వర్డింగ్ లెటర్ ఏది? ఇవెవరి వేలిముద్రలో మాకెలా తెలుస్తుంది?"

"నానున్నాను కదా. ఏ ఏలు ఎవులిదో సెప్తాను, రాసుకో" అని మామ్మ మొదలుపెట్టింది. మనిషి పేరు, ఊరు, ఏ ఇప్పచెట్టు కింద పూలు ఏరుతారో. ఒక ఊరు అయ్యేసరికి గుమాస్తా "చాలు, చాలు" అన్నాడు. "ఇంకా ఆ దరోళ్లున్నారు" అని ఆమె బల్లకు దగ్గరగా జరిగింది. స్టాంపు వేసిన రసీదు చేతికొచ్చేదాకా మేము కదల్లేదు.

ప్రణాళిక ఖాయమై రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ పట్టీ అందులో అడవిగానే ఉంది. ఈలోగా నీలగిరి మొక్కలు నర్సరీలోనే నా భుజం దాటి పెరిగిపోయాయి. నేను పెద్ద పొడగరినేమీ కాను లెండి. ఆ తరవాత ఇంకో పథకం, ఇంకో జీపు, ఇంకో సారు వచ్చారు. ఊళ్లవాళ్లు ఆయన్ను కూర్చోమనలేదు, మంచినీళ్లూ ఇవ్వలేదు. ముందు ఆయన తెచ్చిన పటం తీసి అందులో తమ తోవ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నారు.