అత్త కారుకి ఇత్తడి నట్లు

జరిగి కూర్చోండమ్మా, వెనకున్నవాళ్లకీ వినపడాలి. నా చిన్నప్పుడు కళింగపట్నంలో మా మేనత్తకి ఒక పాత కారు ఉండేది. మావయ్య పోయాక దాన్ని ఆవిడే నడిపేది. వెనక సీటు పీకించి, పేటలో ఆడవాళ్ల చేపల గంపలు ఎక్కించుకుని పొద్దున్నే శ్రీకాకుళం బజారుకి చేర్చేది. ఆ కారు లేకపోతే గంపలన్నీ ఒడ్డునే, చేపలు కొనే షావుకారు చెప్పిన ధరకి ఇచ్చేయాల్సిందే. అందుకే అది ఎప్పుడు మూలపడుతుందా అని ఆయన కాచుకుని ఉండేవాడు.

మా ఊరి ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు. ఇంజనులోంచి మంటలాంటి పొగ బయటికొచ్చే చోట ఒక గొట్టాన్ని బోల్టులూ నట్లూ వేసి బిగిస్తారు. సందులోంచి పొగ కారకుండా మధ్యలో గాస్కెట్టు అనే పల్చటి బిళ్ల పెడతారు. ఇటు వేడి, అటు ఉప్పు తినేసి ఆ బోల్టులు పుటుక్కున తెగేవి, గాస్కెట్టు కాలిపోయేది. ఇక ఆ కారు అరుపు వంశధార అవతలి గట్టుకి కూడా వినపడేది. గంపల పక్కన కూర్చున్నవాళ్లకి పొగతో కళ్లు మండేవి.

ఒకరోజు ఒడ్డున అందరి ముందూ షావుకారు నవ్వాడు.

"ఏటమ్మీ, నీ కారు సముద్రం కన్నా గట్టిగా అరస్తన్నాది! రేపో మాపో సస్తాది. గంపలు నా లారీకెక్కించీయండి."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది అత్త కంటపడింది.

"నా కారు నోరు నాను మూయిస్తాను. తవరి నోరు తవరు సూసుకోండి" అని, నన్ను రెక్క పట్టుకుని కారెక్కించింది.

శ్రీకాకుళంలో మేస్త్రీ మళ్లీ ఆ ఇనప నట్లే తీశాడు. అత్త వాటిని పక్కకి తోసేసింది. బోల్టులు గట్టి ఉక్కువి, వాటిమీద నట్లు ఇత్తడివి, గాస్కెట్టు రాగిరేకు తొడిగినది కావాలంది.

"ఇత్తడేటప్పా? కారుకి నగలెడతావేటి?"

"మీ అమ్మ నీళ్లబిందె తుప్పట్టడం ఎప్పుడన్నా సూసినావేట్రా? ఇత్తడే ఎట్టు."

అతను నవ్వుకుంటూ పెట్టాడు. కానీ ఒక చివర నుంచి వరసగా బిగించుకుపోతుంటే అత్త అతని చేతిలోంచి పానా లాక్కుంది. మా తాతయ్య, అంటే అత్త వాళ్ల నాన్న, పడవలు కుట్టేవాడు. అప్పట్లో మా తీరంలో పడవ పలకలకి మేకులు కొట్టేవారు కాదు, కొబ్బరితాడుతో కుట్టేవారు. ఒక చివర నుంచి బిగిస్తే రెండో చివర నోరు తెరుస్తుందని, నడుమ మొదలెట్టి అటొకటి ఇటొకటి లాగేవారు. కొత్త పడవ నీళ్లలోకి వెళ్లొచ్చాక సడలిన తాడు మళ్లీ లాగేవారు. అత్త కారుకీ అదే పద్ధతి పట్టింది.

మర్నాడు తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉంది. తన చెయ్యి పట్టని మూలకి పానాతో నా చెయ్యి పెట్టించి, "తిప్పు గుంటా" అంది. తిప్పాను. నట్టు కదిలింది! అంత బిగించినది ఒక్క ప్రయాణం వేడికే సడలింది.

"సూసినావా? బిగించినోడు సేతులు కడిగేసుకుని ఎల్లిపోతాడు. కాలి సల్లారేక ఏటి సడలిందో మనమే సూసుకోవాల."

నట్లన్నీ మళ్లీ బిగించి ఒడ్డుకి వెళ్లాం. షావుకారు దారికి వీపు పెట్టి నిలబడి ఆడవాళ్లకి చెబుతున్నాడు.

"రాదమ్మా, ఇంకది రాదు. వస్తే ఈపాటికి ఇనపడీది కాదేటి?"

అత్త మెల్లగా ఆయన వెనక్కి పోనిచ్చి హారన్ కొట్టింది. ఆయన ఎగిరి తడి వలల్లో పడ్డాడు.

"ఇనపడనేదా షావుకారుగారూ? జరగండి, గంపలెక్కాల."

ఆ పూట ఒక్క గంప కూడా లారీ ఎక్కలేదు. ఆడవాళ్ల నవ్వులే కారు కన్నా గట్టిగా వినపడ్డాయి.

ఇప్పటికీ ఎవరైనా "ఇక్కడింతే, ఉప్పుగాలి కదా" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఉప్పుగాలి ఉంటుంది, షావుకార్లూ ఉంటారు. అయితే ఏం? దానికి తగ్గ నట్టేదో అడిగి మరీ తెచ్చుకుంటాను, చల్లారాక మళ్లీ పానా పట్టుకుంటాను. విన్న మీ అందరి ఇళ్లూ పచ్చగా ఉండాలి తల్లీ, మీ గంపలకి మీరే ధర చెప్పుకునే రోజులు మీ ఇంట నిలవాలి.