నార్సింగి బావికి యాభై రెండు సోమవారాలు

రామబ్రహ్మానికి ఇరవై మూడో ఏట సర్కారు ఉద్యోగం వచ్చినప్పుడు, తెనాలిలో వాళ్ళ నాన్న వీధిలో పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పాడు, మావాడు హైదరాబాదులో భూమి కింద నీళ్ళను పరిశోధిస్తున్నాడని. ఆ పరిశోధన ఏపాటిదో 1972 జూన్‌లో మొదటి సోమవారమే రామబ్రహ్మానికి తెలిసిపోయింది. చేతిలో ఒక పాత అడుగుల టేపు, దాని కొసన సీసపు గుండు. చందానగర్‌లో సైకిలెక్కి నార్సింగి చేరేలోగా దారిలో పద్నాలుగు బావులు, చివరిది నార్సింగిది. గట్టు మీద వంగి గుండు దించాలి. అది నీటిని తాకిన చప్పుడు వినాలి. ఎన్ని అడుగుల లోతున తాకిందో ఆ బావి పుస్తకంలో రాయాలి. మళ్ళీ సోమవారం మళ్ళీ అదే పని. ఏడాదిలో ఒక్క వారం కూడా తప్పకుండా పద్నాలుగు బావుల కొలతలూ ఉంటేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే తెనాలి బండి.

ఆ దారి ఇప్పటిలా ఉండేది కాదు. ఏనుగంత బండ మీద గేదెంత బండ, దాని మొన మీద ఇల్లంత బండ. రామబ్రహ్మం వాటి కింద నుంచి పోతూ సైకిలు గంట కొట్టేవాడు కాదు, ఆ చప్పుడుకు ఎక్కడ దొర్లుతాయోనని. ఒక నక్క ప్రతి సోమవారం అదే బండ మీద కూర్చుని అతను దాటిపోయేదాకా చూసి, ఈ మనిషికి వేరే పని లేదు కాబోలు అన్నట్టు ఆవలించేది. అతనికీ అదే అనుమానం.

విసుగును పోగొట్టుకోవడానికి అతనికి ఉన్నదల్లా దస్తూరి. మిషన్ బడిలో సిస్టర్లు బెత్తంతో నేర్పిన గుండ్రటి దస్తూరి అది. కొలతలు పెన్సిలుతోనే రాయాలని పై అధికారి లింగమూర్తి మొదటి రోజే చెప్పాడు. పెన్సిలుతో రాస్తే ఆ దస్తూరికి అవమానమనిపించి రామబ్రహ్మం ఫౌంటెన్ పెన్నుతో, నీలి సిరాతో రాశాడు. యాభై రెండు వారాలు రాశాడు. చివరి సోమవారం నార్సింగి బావి దగ్గర పుస్తకం గట్టు మీద పెట్టి చెమట తుడుచుకుంటుంటే, మోచెయ్యి తగిలి అది బావిలో పడింది.

ఆ బావి నీళ్ళు తోడేది రుక్కమ్మ. అరవై దాటిన మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అయిదారిళ్ళకు నీళ్ళు తోడి పోస్తుంది. ఏడాదిగా ఇతన్ని టేపు సారు అంటుంది. ఇతను రుక్కమ్మ గారూ అని పిలిస్తే మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతుంది, ఆమెను గారు అన్నవాడు నార్సింగిలో అంతకు ముందు లేడు. జారిపడ్డ బొక్కెనలు తీసే కొక్కేల గుత్తి దించి, గంట సేపు గాలించి, ఆమే పుస్తకాన్ని పైకి తెచ్చింది. అట్ట బాగానే ఉంది. లోపల పేజీలన్నీ లేత నీలం రంగులో ఆకాశంలా ఉన్నాయి. ఒక్క అంకె లేదు.

లింగమూర్తి పుస్తకాలు చూడడానికి వచ్చేది మర్నాడే. రామబ్రహ్మం గట్టుకు ఆనుకుని కూలబడ్డాడు.

“ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్? పుస్తకం దొరికింది గద.”

పుస్తకం దొరికినా లెక్క పోయిందని, లెక్క లేకపోతే ఉద్యోగం లేదని చెప్పాడు. రుక్కమ్మ బొక్కెన కింద పెట్టింది.

“ఏ లెక్క? నీళ్ళు ఎంత లోతున్నయన్నదేనా? అది నేను చెప్తగద. ఏ నెలకెల్లి చెప్పాలె?”

అతను నమ్మలేదు. ఆమె కూర్చుని చెప్పుకొచ్చింది. పదకొండో ఏట కోడలై నార్సింగి వచ్చిన రోజే అత్త ఆమెకు ఈ చేంతాడు అప్పగించిందట. బొక్కెన నీటిని తాకేదాకా తాడు చేతుల మీదుగా వదలాలి. ఒక చేతి నుంచి మరో చేతికి మారితే ఒక పట్టు. మిగిలింది వేళ్ళతో కొలవాలి. మొదటి బిందె తేగానే గడపలో కూర్చున్న అత్త “నీళ్ళు ఎన్నిటికున్నయే?” అని అడిగేది. తప్పు చెబితే రెండో బిందెకు ఆమే లేచి వచ్చి కొలిచేది. ఆ లెక్కను బట్టే ఎన్ని మిరప మొక్కలు నాటాలో, బర్రెను ఉంచాలో అమ్మాలో తేల్చేది. కోడలికి ఏడుపొచ్చేది, ఇదేం పని అని. అత్త పోయి ఇరవై ఏళ్ళయింది. రుక్కమ్మ ఇప్పటికీ మొదటి బిందె దించి, ఖాళీ గడప వైపు చూసి ఆ రోజు లెక్క పైకి చెబుతుంది. చెప్పకపోతే అన్నం సయించదట.

రామబ్రహ్మం టేపు తీసి ఆమె చేతుల మధ్య తాడును కొలిచాడు. ఇరవై ఏడు అంగుళాలు. పదిసార్లు పట్టించి పదిసార్లు కొలిచాడు. పదిసార్లూ ఇరవై ఏడే. ఈసారి పెన్సిలు తీశాడు.

ఆమె కళ్ళు సగం మూసి పోయిన జూన్ నుంచి నడిచి వచ్చింది. వాన రాని ఆషాఢం, పదహారు పట్లు, రెండు వేళ్ళు. మైసమ్మకు బోనం తీసిన వారం, పదహారున్నర. బతుకమ్మ ముందటి సోమవారం, పద్దెనిమిది పట్లు, నాలుగు వేళ్ళు. నీ సైకిల్ గొలుసు తెగి చేతులు నల్లగా చేసుకొచ్చిన వారం, పంతొమ్మిది మీద ఒక వేలు. తడుముకోలేదు, వెనక్కి పోలేదు. ఆ ఏడు కరువు. నీళ్ళు పట్టు తర్వాత పట్టు భూమిలోకి దిగిపోవడం అతను ఏడాదంతా కొలిచాడు కానీ, చూసింది ఆ పూటే. ఆమె గొంతులో బావి లోతుకుపోతుంటే అతనికి దాహం వేసింది.

సంక్రాంతి దాటిన వారం దగ్గర ఆమె ఆగింది.

“ఇరవై, మూడు వేళ్ళు. ఆ దినం నువ్వు రాలే.”

రామబ్రహ్మం తలెత్తలేదు. హోలీ వారం దగ్గర మళ్ళీ అదే మాట. రెండు సోమవారాలు అతను చందానగర్ గదిలోనే నవల చదువుతూ పడుకుని, ముందు వారం అంకెకు రెండు అంగుళాలు కలిపి గుండ్రటి దస్తూరిలో రాసుకున్నాడు. నార్సింగి పుస్తకంలోని ఆ అంకెలు కూడా సిరాతో పాటు కొట్టుకుపోయాయి. ఇప్పుడు అసలైన అంకెలు చేతికొచ్చాయి. రాసుకుంటే సరి, ఏడాది నిండుతుంది. ఎవరికీ తెలియదు.

మర్నాడు లింగమూర్తి బావి దగ్గరికే వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకంతో ఉండే మనిషి. నార్సింగి బావి పుస్తకం కొత్తదిగా, పెన్సిలు రాతతో ఉండడం చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఏమయ్యా, ఈ కొలతలన్నీ నువ్వు తీసినవేనా?”

రామబ్రహ్మం అవునండి అనడానికే నోరు తెరిచాడు. అవతల రుక్కమ్మ తాడు వదులుతోంది. ఆమె పెదవులు లెక్కకు కదులుతున్నాయి. యాభై ఏళ్ళుగా ఒక్క పూట దొంగ లెక్క చెప్పని పెదవులు అవి.

“కాదండి. ఇవి రుక్కమ్మ గారి లెక్కలు. నావి సిరాతో రాసి నీళ్ళపాలు చేశానండి. రెండు వారాలైతే పద్నాలుగు బావులకూ నేను రాకుండానే రాశానండి.”

లింగమూర్తి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఏడాదిలో నాలుగుసార్లు, ఎవరికీ చెప్పకుండా, తానే వచ్చి ఈ బావి కొలిచి రాసుకున్నాడు. అందులో ఒకటి సంక్రాంతి దాటిన సోమవారమే. ఆ రోజు మధ్యాహ్నం దాకా గట్టు మీద రామబ్రహ్మం కోసం కూర్చున్నాడట. ఆమె పట్లను అడుగుల్లోకి మార్చి పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటిది అరంగుళం తేడా. రెండోదీ మూడోదీ అచ్చం ఒకటే. నాలుగోది, అంటే సంక్రాంతి దాటినది, రెండంగుళాలు తేడా.

రుక్కమ్మను పిలిచి అడిగాడు. ఆమె గట్టు మీద చెయ్యి వేసి చూపించింది.

“సారు, మీరు వచ్చిన్నాడు గట్టు మీద కొత్తగ సిమెంటు ఏసిండ్రు గద. మీరు సిమెంటు మీదికెల్లి కొలిచిండ్రు. నేను పాత రాయికెల్లి లెక్క పెడత.”

లింగమూర్తి లేచి వెళ్ళి గట్టు మీది సిమెంటు మందం కొలిచాడు. రెండంగుళాలు. టేపు చుట్టి, చెప్పులు విడిచి, ఆ బావి గట్టు ముందు నిలబడ్డాడు. తర్వాత తన చిన్న పుస్తకంలో తన అంకెనే కొట్టేసి దిద్దుకున్నాడు. సర్కారు అధికారి తన అంకె తానే దిద్దుకోవడం రామబ్రహ్మం ఉద్యోగంలో చూసింది అదొక్కసారే.

ఉద్యోగం ఆ రోజు ఖాయం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఏడాది, మళ్ళీ పద్నాలుగు బావులు, మళ్ళీ యాభై రెండు సోమవారాలు అని లింగమూర్తి చెప్పాడు. తెనాలి బండి ఎక్కమనలేదు, అంతే. నార్సింగి పుస్తకంలో ప్రతి అంకె పక్కన రుక్కమ్మ అని పేరు రాయించి కింద సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి సోమవారం రామబ్రహ్మం పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వచ్చాడు. గుండు దించాడు, చప్పుడు విన్నాడు, రాశాడు. రుక్కమ్మ మొదటి బిందె అప్పటికే నింపుకుని నడుము మీద పెట్టుకుంది. ఇంటి వైపు రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

“నీళ్ళు ఎన్నిటికున్నయి, బిడ్డా?”

ఆమెకు తెలుసు. అయినా అతను పుస్తకం మళ్ళీ విప్పి, వేళ్ళ దాకా లెక్కగట్టి చెప్పాడు. ఆమె తల ఊపేదాకా అక్కడే నిలబడ్డాడు.