ఒడ్డు నుంచి నూట నలభై అంగలు

మా మేస్త్రి మావయ్య గారు పోయారన్న కబురు నాకు గోల్ఫు మైదానం గేటు దగ్గర తెలిసింది. అప్పుడు నా చేతిలో సుద్దముక్క ఉంది. రోజూ పొద్దున్నే ఆయన అక్కడికి వచ్చి ఆ రోజు ఏ గుంట తెరిచి ఉంటుందో, ఏది మరమ్మతులో ఉందో చెప్పేవారు, నేను పలక మీద రాసేదాన్ని. జ్వరంతో మంచం పట్టి పన్నెండు రోజులుగా ఆయన రావడం లేదు. గడ్డి కోసే ముసలమ్మ చేత చెప్పి పంపేవారు. ఆ పొద్దున ముసలమ్మ వచ్చి నా పక్కన ఊరికే నిలబడింది.

"ఇవాళేం రాయాలి?" అని అడిగాను.

"ఏం లేదమ్మా. మేస్త్రి గారు ఇందాకే వెళ్లిపోయేరు," అంది.

పలక మీద నిన్నటి అక్షరాలు అలాగే ఉన్నాయి. "రెండో గుంట మూసి ఉన్నది. మూడో గుంటకు ఒండ్రు పోయుచున్నారు." వాటిని తుడవడానికి చెయ్యి రాలేదు. చెప్పిన మనిషి పోయాడు, చెప్పిన మాట ఉంది. అది నాకు చాలాసేపు అన్యాయంగా తోచింది.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఆ ఆట చూసి ఉండరు. కాలువల కచేరీ దొరలు వంకీ కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి, గడ్డిలో తవ్విన గుంటలో పడేస్తారు. గుంట పక్కన ఒక జెండా. మా కొత్తపేట వైపు ఏటి ఒడ్డున వాళ్లకు ఒక క్లబ్బు ఉంది. ఆరు గుంటలు, ఆరు జెండాలు. మన సీమలో మూర లోతు తవ్వితే నీళ్లు ఊరతాయి కదా. వాళ్ల ఆటకు పొడి నేల కావాలి, అందుకని ఒడ్డు పక్కనున్న ఇసుక దిబ్బను ఎంచుకున్నారు. చచ్చిపోయినవాళ్లను పెట్టడానికీ పొడి నేలే కావాలి. వాళ్లకంటే ముందు మేం ఆ దిబ్బను ఎంచుకున్నాం.

కాలువ తవ్వే రోజుల్లో మా అమ్మ మట్టితట్ట మోసేది. మావయ్య అమ్మకు తమ్ముడు, ఆ తవ్వకానికి మేస్త్రి. మరిడి జాడ్యం కూలీల గుడిసెల్లోకి వచ్చినప్పుడు ఒక్క వారంలో తొమ్మిది మందిని ఆ దిబ్బ మీద పూడ్చారు. అమ్మకు గొయ్యి ఆయనే తవ్వారు. నేను అప్పటికి నరసాపురంలో దొరసాని గారి బళ్లో చదువు చెప్పడం నేర్చుకుంటున్నాను. పడవ మీద వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇసుకలో పాతిన ఒక కర్ర మాత్రం చూపించారు.

ఆ కర్ర ఎన్నాళ్లుంటుందని నేనే అడిగాను. రాయి పెడదామంటే మన లంకల్లో రాయి ఎక్కడిది? కొబ్బరి మొక్క పాతితే ఆవులు వదలవు. ఆయన ఒడ్డు దాకా నడిచి వెళ్లారు. అక్కడ వెనక్కి తిరిగి, ఒకే తీరున అంగలు వేస్తూ కర్ర దాకా వచ్చారు.

"నూట నలభై," అన్నారు. "రాసుకో అమ్మాయీ. ఒడ్డు నుంచి నూట నలభై అంగలు. కర్ర పోతే పోద్ది. గోదారి ఎక్కడికి పోద్ది?"

నా బైబిలు చివరి కాగితం మీద రాసుకున్నాను. ఆ ఏడాది వరద కర్రను తీసుకుపోయింది.

నాలుగేళ్లకు దొరలు దిబ్బ మీద జెండాలు పాతారు. అది విన్న వారంలోనే మావయ్య కాలువ పని వదిలేసి ఆ మైదానానికి మేస్త్రిగా కుదిరారు. పేటలో అందరూ నవ్వారు. "కాలువలు తవ్విన చెయ్యి గడ్డికి గెడ్డం గీత్తందా మేస్త్రి గారూ?" అంటే, "ఆయ్, గీత్తన్నానండి, మీక్కూడా గియ్యమంటారా?" అనేవారు. దిబ్బ మీది మిగతా ఎనిమిది మందీ దూరపు ఊళ్ల కూలీలు, కారణం నాకొక్కదానికే తెలుసు.

మొదటి రోజు పలక నాకు ఇచ్చి, "నీకు ఇంగిలీషు రాయడం వచ్చుగా," అన్నారు.

"వచ్చు మావయ్యా."

"అయితే రాయి. మూడో గుంటకీ నాలుగో గుంటకీ నడాన నేల మరమ్మతులో ఉంది. ఎవరూ అడుగెట్టకూడదు. దొరలకి ఇంగిలీషులో, మనోళ్లకి తెలుగులో."

"ఏం మరమ్మతు? గడ్డి బాగానే ఉందిగా."

"బాగానే ఉందమ్మా. అందుకే. నోటితో చెప్తే అది మేస్త్రి మాట. పలక మీదుంటే క్లబ్బు మాట," అన్నారు.

అలా మొదలైంది. నూట నలభై అంగల దగ్గర, తొమ్మిది మంచాలు వేసినంత నేల చుట్టూ సున్నం గీత గీశారు. అందులో బంతి పడితే దొరలు వెళ్లకూడదు. ఆయన చెప్పులు గీత బయట విడిచి, లోపలికి నడిచి, బంతిని రెండు చేతులతో తీసుకొచ్చి ఇచ్చేవారు. ఆ చెప్పుల గురించి ఒక మాట చెప్పాలి. మా పేటలో చెప్పులు తొడుక్కుని నలుగురి మధ్య నడిచిన మొదటి మనిషి ఆయన. వాటి కోసం ఒకప్పుడు దెబ్బలు కూడా తిన్నారు. అలాంటి చెప్పులను ఆయన ఇష్టంగా విడిచిన చోటు ఆ గీత ఒక్కటే.

క్లబ్బు చూసుకునే దొరకు తెలుగు కొంచెం వచ్చు. "మేస్త్రీ, ఈ నేలకి రోగం ఎప్పుడు తగ్గును?" అని వేళాకోళం ఆడేవాడు.

"తగ్గుతాదండి దొరగారూ. కంగారు పెడితే తిరగబెడతాదండి."

కర్రలు మోసే మనుషులు దానికి మేస్త్రి గారి మాన్యం అని పేరు పెట్టారు. ముసలమ్మ అయితే మొహం మీదే అడిగేది. "దున్నరు, విత్తరు, ఒకర్ని తొక్కనివ్వరు. ఏం పండుద్దండీ అక్కడ?"

"నిద్ర," అనేవారు ఆయన.

నాకు మాత్రం ఆ పలక మనసులో ముల్లులా ఉండేది. ఆదివారం పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పి, సోమవారం పొద్దున్నే రెండు భాషల్లో అబద్ధం రాసేదాన్ని. ఒకసారి ఆ మాటే ఆయనతో అన్నాను.

"మీ దేవుడు పలక చదువుతాడా పంతులమ్మా?" అన్నారు. నన్ను ఆటపట్టించాలనుకున్నప్పుడు అలా పిలిచేవారు.

"చదువుతాడు మావయ్యా."

"అయితే ఆ కింద ఎవరున్నారో కూడా ఎరిగే ఉంటాడుగా."

ఆ జవాబు సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. అప్పటికి మాత్రం సరిపెట్టుకున్నాను.

ఏటా వరద తీసాక గీతలు చెరిగిపోయేవి. ఒండ్రు మేట వేసి నేల రూపే మారిపోయేది. దొరలు జెండాలు అటూ ఇటూ మార్చుకునేవారు. మొదట తవ్విన చోట ఇవాళ ఒక్క గుంటా లేదు. మేమిద్దరం ఒడ్డు దగ్గర నిలబడి మళ్లీ కొలిచేవాళ్లం. ఆయన అంగలు వేసేవారు, నేను సున్నం కుండ పట్టుకుని పైకి లెక్కపెట్టేదాన్ని. నూట నలభై అనగానే ఆయన ఆగి, చెప్పులు విడిచి, తల వంచుకుని ఒక్క క్షణం నిలబడేవారు. నేనూ తల వంచేదాన్ని. ఏడాదంతటిలో అమ్మ దగ్గరికి వెళ్లినట్టు ఉండేది ఆ ఒక్క పూటే. పద్నాలుగేళ్లు అలా కొలిచాం.

ఈ వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసినప్పుడు మైదానం మొత్తం తిరగవేసి బాగు చేయాలని కచేరీ వారు నిర్ణయించారు. పాత ఇసుక తవ్వి తీసి, కాలువ పూడిక పోసి, రెండు మూరలు ఎత్తు చేసి కొత్త గరిక నాటాలి. పలక మీద చోటు చాలేది కాదు. మొదటి గుంట మూసి ఉన్నది. ఐదో గుంటకు బదులు తాత్కాలికంగా రేవు దగ్గర గుంట. బండ్లు తిరుగుచున్నవి, జాగ్రత్త. ఇవన్నీ నిజం మరమ్మతులు. పద్నాలుగేళ్లలో మొదటిసారి నా అక్షరాలు చూసి సిగ్గుపడనక్కర లేకపోయింది. కానీ మావయ్య గారి గొంతు రోజురోజుకూ సన్నబడింది.

"ఆ నడిమి నేల ఆఖర్న చూద్దామండి," అని ఆయన దొరను బతిమాలారు.

దొర పలక వైపు చూపించాడు. "పద్నాలుగు సంవత్సరములు మరమ్మతులో ఉన్న నేల. అన్నిటికంటె జబ్బు నేల అదే కదా. ముందు దానినే తవ్వవలెను."

మేం రాసినదాన్నే దొర చదివాడు.

ఆ నేల తవ్వే రోజు పొద్దున నేను ఉతికిన తెల్ల దుప్పటి ఒకటి మడిచి తీసుకెళ్లాను. ఎముకలు వస్తే అందులో ఎత్తుకుని మన సంఘపు సమాధుల దొడ్డిలో పెట్టడానికి పాస్టరు గారిని అడిగి ఉంచాను. మొదటి పార మావయ్య గారే వేశారు. కూలీలను మెల్లగా తవ్వమన్నారు. మోకాటి లోతు వచ్చింది. నడుము లోతు వచ్చింది. తెల్లటి ఇసుక, కొన్ని గుల్లలు. తరవాత నీళ్లు ఊరాయి. ఆయన గోతిలోకి దిగి నీళ్లలో రెండు చేతులూ పెట్టి చాలాసేపు తడిమారు. ఏమీ లేదు. ఆ ఇసుకను అంతకుముందు ఎవరూ కదిపినట్టే లేదు.

"మంచి నేలేనండీ, దీనికేం రోగం లేదు," అన్నాడు కూలీల్లో ఒకతను సంతోషంగా.

ముసలమ్మ నా చేతిలో దుప్పటిని చూసింది. తరవాత మాన్యం గురించి ఎప్పుడూ వేళాకోళం ఆడలేదు.

గేటు దగ్గర మావయ్య గారు తడి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"మనం దేన్నించి కొలిచేం అమ్మాయీ?"

"ఒడ్డు నుంచి."

ఆయన ఏటి వైపు చూశారు.

"ఆ ఒడ్డేదీ?" అన్నారు.

గోదారి మా మలుపులో ఏటా కొంచెం కొంచెం నేల కోసుకుంటుంది. అది చిన్న పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఒక ఏడాది నాలుగు అంగలు, ఒక ఏడాది పది, ఒక ఏడాది ఏమీ లేదు. ఒడ్డు లోపలికి జరిగిన కొద్దీ మేమూ లోపలికి జరిగి, ఎవరూ లేని ఇసుక చుట్టూ సున్నం గీసి కాపలా కాశాం. బళ్లో పిల్లలకు కొలతలు చెప్పేదాన్ని నేను. తాడు ఒక కొస కదిలితే రెండో కొస ఏమవుతుందని అడిగి, చెప్పలేనివాళ్లను నిలబెట్టినదాన్ని. అదే అంకెను పద్నాలుగు సార్లు పైకి లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. అన్నిటినీ అనుమానించే మనిషిని అని పేరున్న నేను, అడగవలసిన ఒక్కదాన్ని అడగలేదు.

అమ్మ ఏటికి దగ్గరగా ఎక్కడో ఉండాలి. నాలుగో జెండా కింద కావచ్చు, బూట్లతో నిలబడి దొరలు బంతి కొట్టే చోట కావచ్చు. నది ఎప్పుడో తీసుకుపోయి ఉండవచ్చు కూడా. ఏ ఏడు ఎంత కోసిందో ఎవరు రాసి పెట్టారు? నేను రాసిపెట్టింది నూట నలభై ఒక్కటే.

మర్నాటి నుంచి మావయ్య గారు చెప్పులు గేటు దగ్గరే విడవడం మొదలుపెట్టారు. గీత లేదు కాబట్టి మైదానమంతా వట్టి కాళ్లతో నడిచారు. తడి పూడికలో, బండ్ల మధ్య, ఎండలో. మేస్త్రి గారికి మతి తప్పిందని కూలీలు గుసగుసలాడారు. జ్వరం వచ్చినా రెండు రోజులు అలాగే తిరిగారు.

మంచం పట్టాక ఒకనాటి మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మన్నారు. ధైర్యం చెబుదామని, తెలియక చేసినదానికి తప్పేముంది అన్నాను. ఆయన ఆ మాట విననట్టే ఉండి, "ప్రతి ఏడూ ఒడ్డు నుంచి అంగలేసుకుంటూ లోపలికొచ్చేం కదమ్మా. చెప్పులతోటి," అన్నారు. "అక్క మీద నుంచే వచ్చేం."

తరవాత పెద్దగా మాట్లాడలేదు. పెదవులు మాత్రం కదిలేవి. ప్రార్థన అనుకుని వంగి విన్నాను. లెక్కపెడుతున్నారు.

ఆయనను సంఘపు దొడ్డిలో పెట్టాం. పక్కన ఉన్న ప్రార్థన గుడి గోడ నుంచి దూరం కొలిచి రాసుకున్నాను. రాసుకున్నాక ఆ గోడ వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. గోడ కదలదని నాకు ఎవరు చెప్పారు?

ఈ వారం మైదానం పనులు పూర్తయ్యాయి. ఆరు గుంటలూ తెరిచినట్టు పలక మీద రాయమని దొర కబురు చేశాడు. రాశాను. దాని కింద ఎవరూ చెప్పని వాక్యం ఒకటి నేనే రాశాను. "ఏటి వైపు నేల మరమ్మతులో ఉన్నది. ఎవరూ అడుగు పెట్టరాదు." రెండు భాషల్లో రాశాను. ఎన్ని అంగలో రాయలేదు.

దొర చదివి నా వైపు తిరిగాడు. "ఎంత వరకు? ఎన్నాళ్లు?"

"ఇంకా తెలియలేదండి," అన్నాను.

పద్నాలుగేళ్లలో ఆ పలక దగ్గర అమ్మ ఉన్న నేల గురించి నేను చెప్పిన నిజం అదొక్కటే కావచ్చు. ఆయన సరే అనలేదు, తుడిచేయమనీ అనలేదు. పై దొరలను అడిగి చెబుతానన్నాడు. ఇది మీరు చదివేసరికి ఆ వాక్యం ఉంటుందో, ఉండదో.

ఏటికి కొత్త వరద ఎర్రనీరు వచ్చింది. మావయ్య గారి చెప్పులు ఇంకా గేటు స్తంభం పక్కనే, ఏటి వైపు మొహం పెట్టి ఉన్నాయి. వాటిలో ఆయన వేళ్ల గుర్తుల మీద ఒండ్రు ఎండి పగిలింది. ఎవరూ తీయలేదు. కర్రలు మోసేవాళ్లు వాటిని తప్పుకుని నడుస్తున్నారు. పొద్దున పలక రాసి అక్కడే కాసేపు నిలబడతాను. మలుపు దగ్గర ఒడ్డు విరిగి నీళ్లలో పడిన చప్పుడు వస్తుంది. అది విన్నప్పుడల్లా నాకు తెలియకుండానే నా పెదవులు కదులుతున్నాయి.