కుక్క బాగుందన్నారు

మా పశువుల డాక్టరు గారు పోయారన్న కబురు నాకు విశాఖపట్నం పెద్దాసుపత్రి వరండాలో తెలిసింది. నా పక్కన ఒక కొండ ఊరి రైతు, అతని భార్య, కూతురు పిచ్చికుక్క ఇంజక్షన్ల కోసం వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్ళని అక్కడికి పంపించింది డాక్టరు గారే. ఆయన పోయింది ఆ జబ్బుతోనే. ఇంజక్షన్లు అయ్యేదాకా చెప్పకూడదనుకున్నాను. నా ముఖం చూసి ఆ రైతు తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

నేను అరకులో పసుపు, వలిసె నూనెగింజలు కొనే ఒక షావుకారు దగ్గర గుమస్తాని. బడి చదువు లేదు. రోజూ జమాఖర్చు రాసుకోవడం తప్ప ఒక మనిషి గురించి రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించాలి.

డాక్టరు గారిని నేను నా కుక్క మూలంగా ఎరిగాను. మల్లి అప్పటికి చిన్నది. ఒళ్ళంతా పిడుదులు పట్టి, జ్వరం వచ్చి, లేవలేకపోయింది. గోనెలో చుట్టి రైల్లో విశాఖపట్నం తీసుకెళితే అక్కడి డాక్టరు అడిగిన ఫీజు నా జీతాన్ని దాటింది. అదే గోనెతో తిరిగి వచ్చేశాను. అరకు పశువుల ఆసుపత్రి ఉన్నది ఎద్దులకీ ఆవులకీ. ఊరకుక్క లాంటిదాన్ని తీసుకెళితే నవ్వుతారని సిగ్గు. అయినా వెళ్ళాను. గుమ్మంలో ఉన్న వాళ్ళు నవ్వారు కూడా. ఆయన నవ్వలేదు. బల్ల మీద పెట్టమనకుండా తనే కింద కూర్చున్నారు. చేతి గడియారం విప్పి, పట్టుకోండని నా చేతికిచ్చారు. ప్రతి పశువు యజమానికీ అలాగే ఇచ్చేవారని తర్వాత తెలిసింది. చేతిలో ఏదో ఒకటి ఉంటే మనిషి వణకడని ఆయన నమ్మకం. ఫీజు సంగతి ఎత్తితే మల్లి వైపు చూసి అన్నారు. "దానికేటండీ, జీతమా నాతమా? అదేం ఇస్తాది?"

మల్లి బతికింది. నా వంటి వంటరివాడికి అదెంతో, ఒక ప్రాణిని పెంచుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత సంతనాడు పని తెమిలాక ఆసుపత్రి అరుగు మీద కూర్చోవడం నాకు అలవాటైంది. ఆయన ముందుగా పశువుని ముట్టుకునేవారు కాదు. మేత ఎలా తింటోందో, ఎవరి పక్కన పడుకుంటుందో అడిగి, దాని చేత తన చెయ్యి వాసన చూపించి, అప్పుడు ముట్టుకునేవారు. మందు ఉంటే ఇచ్చేవారు, లేకపోతే లేదని చెప్పేవారు. "లేనిదాన్ని ఉందంటే పశువుకి తెలిసిపోద్ది" అనేవారు.

చైత్రంలో కొండ ఊళ్ళలో ఇటుకల పండగ. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని, కుక్కల్ని వెంటేసుకుని వేటకి పోతారు. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. ఆ రోజుల్లో మిగతా ఆఫీసుల వాళ్ళు సెలవు పెట్టి కిందికి దిగిపోయేవారు. ఆయన మాత్రం సూదులు ఉడకబెట్టుకుని కూర్చునేవారు. పంది కోరకి పొట్ట చీరుకుపోయిన కుక్కల్ని దుప్పట్లో వేసి, కర్రకి కట్టి వేటగాళ్ళు మోసుకొచ్చేవారు. "మీరు పందిని వేటాడేరా, పంది మిమ్మల్ని వేటాడిందా?" అని ఆయన వాళ్ళని ఏడిపిస్తూనే కుట్లు వేసేవారు. వేటమాంసం పంచుకున్నాక గొంతులో ఎముక అడ్డం పడిన కుక్కలు వచ్చేవి. ఏటా అంతే.

ఈ ఏడు పండగ చివర్లో ఆ రైతు తన కుక్కని భుజాన వేసుకుని వచ్చాడు. దాని కింది దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది. ఎముకే అన్నాడు రైతు, ఎముకే అనుకున్నాం అందరం. కూతురు దానికి వేలితో అంబలి నాకిస్తోందనీ అదీ దిగడం లేదనీ చెప్పాడు. డాక్టరు గారు తువ్వాలు మడిచి పళ్ళ మధ్య పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చారు. ఎముక తగల్లేదు. చెయ్యి తీసేటప్పుడు వేలికి పన్ను గీసుకుంది. సబ్బుతో చాలాసేపు కడుక్కున్నారు. కుక్కకి ఏమైందో కబురు పంపమని రైతుకి గట్టిగా చెప్పారు.

రైతు వెళ్ళాక నాతో మెల్లిగా అన్నారు. దవడ జారిన కుక్కకి పిచ్చి ఉందేమోనని అనుమానించాలిట. పది రోజులు దాటి కుక్క బతికుంటే భయం లేదుట, చస్తే మాత్రం తను వెంటనే ఇంజక్షన్లకి వెళ్ళాలిట. ఆ మాట రైతుకి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే ఊరంతా బెదిరి కుక్కలన్నిటినీ కొట్టి చంపేస్తారన్నారు.

తర్వాతి సంతకి ఆ ఊరివాడొకడు వచ్చాడు. కుక్క ఎలా ఉందని డాక్టరు గారు అడిగారు. "బాగుంది బాబూ, తిరుగుతంది" అన్నాడు. ఆ పై సంతకి ఇంకొకరిని అడిగారు. అదే మాట. ఆయన మనసు తేలికపడింది. నాకు టీ తాగించారు.

వానలు మొదలయ్యాక ఆయనకి చెయ్యి తిమ్మిరెక్కింది, జ్వరం తగిలింది. చూడ్డానికి వెళితే కిటికీలన్నీ మూయించుకుని ఉన్నారు. గాలి తగిలితే గొంతు పట్టేస్తోందిట. భార్య గ్లాసుతో నీళ్ళు తెస్తే తల తిప్పేసుకున్నారు. ఆవిడ గది దాటి వెళ్ళేదాకా ఆగారు.

"గుమస్తా గారూ, ఆ కుక్క బతికి లేదండి" అన్నారు.

నేను మంచం దగ్గరికి జరిగాను.

"ఆ రైతుకి కూతురు గుంట ఉంది. వేలితో అంబలి పెట్టింది. నా సంగతి అయిపోయింది, మీరు బేగి వెళ్ళండి."

ఆయన్ని విశాఖపట్నం రైలెక్కించే పని వేరేవాళ్ళు చూసుకున్నారు. నేను కొండెక్కాను. రైతు ఇంటిముందు చోడి చేలో కలుపు తీస్తున్నాడు. కుక్క గురించి అడిగితే ముందు బాగుందన్నాడు. డాక్టరు గారి పరిస్థితి చెప్పాను. చేతిలో కలుపు జారిపోయింది. కుక్క పండగ వెళ్ళిన రెండోనాడే చచ్చిపోయిందిట. ఆ ఊళ్ళో ఒక పట్టింపు. వైద్యం చేసిన చేతికి చావు కబురు చెప్పకూడదు. చెబితే ఆ చేతి వాసి పోతుంది. ఇన్నేళ్ళలో చచ్చిన ఏ పశువు సంగతీ ఆయనకి వాళ్ళు చెప్పలేదు. అన్నీ బాగున్నాయనే అన్నారు.

"బాబు సేతికి మాట రాకూడదని సెప్పనేదు" అన్నాడు. "మా కోసమే గదా ఆ సెయ్యి."

ఆ ముగ్గురినీ తీసుకుని విశాఖపట్నం వచ్చేసరికి ఆయన పోయారు. ఇంజక్షన్లు పూర్తయ్యేదాకా వాళ్ళని అక్కడే ఉంచాను. గుంట ఇప్పటికి బాగానే ఉంది. రాత్రీ పగలూ దానికి నీళ్ళు తాగించి చూస్తుంటారు తల్లీ తండ్రీ. దాహం లేకపోయినా తాగుతుంది పాపం.

మా పశువుల ఆసుపత్రికి కొత్త డాక్టరు ఇంకా కుదరలేదు. ఒకాయన వచ్చి చూసుకుని బదిలీ చేయించుకున్నారు. మల్లి ముసలిదైంది. ఈమధ్య ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతోంది. గోనె తీసి దులిపి, మళ్ళీ మడిచి పెట్టేశాను. ఎవరి దగ్గరికి తీసుకెళ్ళను?

మొన్న సంతనాడు ఆ రైతు వానలో వచ్చి మా కొట్టు ముందు నిలబడ్డాడు. అమ్మడానికి ఏమీ తేలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బాబూ, మా ఎర్ర దూడ సచ్చిపోనాది" అన్నాడు.

నేనేం చెయ్యగలను అన్నాను. ఏమీ చెయ్యక్కర్లేదన్నాడు. చెప్పడానికే వచ్చానన్నాడు. ఆకుల గొడుగు తలమీద పెట్టుకుని, వచ్చిన దారినే కొండవైపు వెళ్ళిపోయాడు.