చెవితో చూసిన జూక్‌బాక్స్

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీనగర్ దాకా ఉన్న సకల జనులకు ఇందుమూలంగా చాటింపు వేయడమేమనగా: ప్లగ్గు లేకుండా రెండు తీగలు సాకెట్లో దోపి అగ్గిపుల్లలు గుచ్చేవారు ఇకపై నిర్భయంగా గుచ్చుకోవచ్చు. టేపుకి బదులు పాల ప్యాకెట్ కవరు చుట్టేవారు రెండేసి కవర్లు చుట్టుకోవచ్చు. తిరగని ఫ్యాన్‌ని కర్రతో పొడిచి తిప్పేవారికి ఇక అడ్డు లేదు. మిమ్మల్ని నడివీధిలో నిలబెట్టి తిట్టే మనిషి పోయిన మంగళవారం పొద్దున కాలం చేశారు. ఆయన మా సార్.

సార్ అంటే బళ్ళో సార్ కాదు. బళ్ళో సార్లకి నేను దొరకలేదు. పదో తరగతి నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది, మూడోసారి దానికా అవకాశం నేనివ్వలేదు. ఈయన కోస్తా నుంచి వచ్చి, ఐటీఐలో కరెంటు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్ సందులో రిపేరు కొట్టు పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు ఆయన పక్కనున్న స్టూలు నాది. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆ స్టూలు మీద వచ్చినవే.

ఏ మిషను ముందు కూర్చున్నా ఆయన మొదట కరెంటు పరీక్షించే మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి, ముల్లు కదులుతుందో లేదో చూసేవారు. "ముందు నీ మీటరుని అనుమానించరా. ఊళ్ళోవాళ్ళ వస్తువుల్ని తర్వాత అనుమానిద్దువుగాని" అనేవారు. ఒకరోజు ఆయన టీకి వెళ్ళినప్పుడు ఆ మీటర్లో బ్యాటరీ తీసి దాచాను. గంటసేపు తల పట్టుకుంటారని నా ఆశ. వచ్చారు, తీగలు తాకించారు, ముల్లు కదల్లేదు. నా వైపు తల కూడా తిప్పలేదు.

"బ్యాటరీ జేబులో ఉందా, టీ కొట్టువాడికి ఇచ్చావా?"

"జేబులనే ఉంది సార్."

"తీసి పెట్టు. అది నీ జేబులో ఉన్నంత మాత్రాన నీకేం వెలగదు."

చివరి రెండేళ్ళలో షుగరు ఆయన చూపు తినేసింది. కొట్టు మూసేసి చైతన్యపురిలో ఇంటి వరండాలో కూర్చునేవారు. వీధిలో పోయే ఆటో చప్పుడు విని దాని రోగం చెప్పేవారు. డ్రైవర్ అడక్కపోయినా చెప్పేవారు.

మొన్న దసరా వెళ్ళిన వారానికి చంపాపేట నుంచి నాకు ఫోనొచ్చింది. అక్కడొక పాత హోటల్లో జూక్‌బాక్స్ ఉంది. మా దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలకి తెలియకపోవచ్చు, అది బీరువా అంత పాటల పెట్టె. రూపాయి బిళ్ళ వేసి మీట నొక్కితే లోపల ఒక ఇనప చెయ్యి లేచి, అడిగిన రికార్డు తీసి వాయిస్తుంది. అందులో పాత రూపాయి బిళ్ళలే పడతాయని హోటలమ్మ వాటిని ఒక డబ్బాలో దాచి ఉంచేది. ఆ పెట్టె కొన్నది ఆమె భర్త. ఆయన పోయాక కూడా రోజూ పొద్దున ఒక పాట వేసుకుంటే తప్ప ఆమె గల్లా దగ్గర కూర్చునేది కాదు.

అది దసరా తర్వాత మూగబోయింది. కొడుకు తెచ్చిన మెకానిక్ మోటారు కాలిందని తేల్చాడు. లోపలి సామానంతా పీకేసి బ్లూటూత్ స్పీకర్ పెడితే పైకి పాతదిలాగే ఉంటుందన్నాడట. పీకడానికి ఆ మధ్యాహ్నం మూడింటికే వస్తున్నాడు.

"సార్‌ను తోల్కరా బిడ్డా" అంది హోటలమ్మ. "పెట్టె పోయిందని ఆయనంటే పోయింది అనుకుంట. ఇంకెవ్వలు చెప్పినా నమ్మ."

స్కూటర్ మీద తీసుకెళ్ళాను. గుమ్మంలోనే కొడుకు నన్ను పక్కకు లాగాడు.

"అన్నా, గీయనకు కండ్లు కనవడయి గద. ఏం చూస్తడు?"

"నీకు రెండు కండ్లున్నయి గద, నువ్వేం చూసినవ్?"

"నోరు మూసి ప్లగ్గు పెట్టరా" అన్నారు సార్.

పెట్టాను. లైట్లు వెలిగాయని చెప్పాను. సార్ రెండు అరచేతులూ పెట్టెకి ఆనించి, చెవి కూడా ఆనించారు. "గుయ్యిమంటోంది. ప్రాణం ఉంది. బిళ్ళ వెయ్యి."

వేశాను, మీట నొక్కాను. ఏమీ కదల్లేదు. మళ్ళీ వేయమన్నారు, మళ్ళీ వేశాను. మూడోసారికి ఆయన తల ఎత్తారు.

"బిళ్ళ పడ్డ చప్పుడు వస్తోంది. దాని వెనకే టక్కుమనాలి. అనట్లేదు. మోటారు కాలలేదురా, దాన్ని లేవమని ఎవరూ చెప్పలేదు, అంతే."

మోటారుని లేవమని చెప్పాల్సింది బిళ్ళ పడే దారి కింద ఉన్న చిన్న స్విచ్చి. ప్లగ్గు పీకి, వెనక తలుపు తెరిచి, స్విచ్చికి మీటరు పెట్టి వేలితో నొక్కాను. ముల్లు కదల్లేదు.

"తీగలు ముందు తాకించావా?"

"తాకించిన సార్. మీటర్ మంచిగనే ఉంది."

"అయితే దొంగ దొరికాడు. వాసన చూడు."

ముక్కు పెట్టాను. "పూజగది లెక్క వాసనొస్తుంది సార్."

కొడుకు బయట ఫోన్లో ఉన్నాడు. సార్ హోటలమ్మ అలికిడి వినిపించిన వైపు తిరిగారు. "దసరాకి దీనికి ఆయుధ పూజ చేశారా అమ్మా?"

"ఏటా చేస్త సార్. పైన బొట్టు పెడ్త. ఈసారి బిళ్ళ పడే సందుల గూడ తడి పసుపు, కుంకుమ మంచిగ పెట్టిన. పైసలొచ్చే కాడ లక్ష్మి ఉంటది గద." అంటూనే ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, నేనే ఖరాబ్ చేసిన్నా?"

జగమెరిగిన తిట్లమారి కదా, మొదలుపెడతారని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. "లక్ష్మికి బొట్టు పెడితే తప్పేముందమ్మా" అన్నారాయన, మెత్తగా. "పైన పెట్టండి, చాలు. లోపలికి వద్దు."

గరుకు కాగితం వాడితే చెయ్యి విరగ్గొడతానని ఆయన నాకు మొదటి రోజే చెప్పారు. అందుకని గల్లా దగ్గరున్న శుభలేఖ అంచు సన్నగా కత్తిరించి, స్పిరిట్‌లో తడిపి, స్విచ్చి రేకుల మధ్య పెట్టి లాగాను. మొదటి ముక్క పచ్చగా వచ్చింది, రెండోది లేత పసుపు. ఐదో ముక్క తెల్లగా వచ్చింది. మీటరు ముల్లు ఎగిరింది.

ఈసారి బిళ్ళ హోటలమ్మ చేత వేయించారు. టక్కుమంది. ఇనప చెయ్యి మెల్లగా లేచి, రికార్డు తీసి పెట్టింది. పాట మొదలవగానే దోసెలు తినేవాళ్ళు కూడా చేతులాపారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైండె సార్?"

"కాంటాక్టు మీద పొర పట్టింది. తుడిచాం."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, తల్లి ఊసూ లేదు. నేను చూసిన రిపేర్లన్నిటిలో గొప్పది ఆ జవాబే. కొడుకు ఫోన్ తీసి, "భాయ్, రాకు" అన్నాడు.

అప్పుడు సార్ నా భుజం మీద చెయ్యి వేసి, హోటల్లో అందరూ వినేలా అన్నారు: "ఇక నా కళ్ళు అక్కర్లేదురా. నీవి చాలు."

ఆయన పోయిన రోజు ఇంటి ముందు కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పాను. విని ఇద్దరు నాకు దండం కూడా పెట్టారు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను. ఆ మాట మాత్రం నేను పుట్టించింది. పొగిడే అలవాటు ఆయనకి లేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ పొగడలేదు, ఆ రోజూ పొగడలేదు.

భుజం మీద చెయ్యి వేసిన మాట నిజం. పాట అయిపోయింది, హోటలమ్మ ఇంకో బిళ్ళ వేసింది. ఆయన చెయ్యి తీయలేదు. రెండో పాట అయ్యేదాకా ఆయన చూపుడువేలు నా భుజం మీద తాళం వేస్తూనే ఉంది.